వెదురు బద్దల వెలుగు

డిసెంబరు వస్తూనే ఫ్యాన్సీ షాపుల గుమ్మాల్లో ప్లాస్టిక్ నక్షత్రాలు, గొడుగులా ముడుచుకునే చెట్లు, తళతళలాడే బంతులు వేలాడతాయి. పిల్లల కొత్త బట్టలు, కేకు, పిండివంటలు, చుట్టాల రాకపోకలు, ఇలా ప్రతిదానికీ డబ్బు లెక్క చూసుకునే ఇంట్లో అలంకరణ ఖర్చు అన్నిటికన్నా చివర వచ్చి గుబులు పెడుతుంది. “ఈసారికి ఇంట్లోనే ఏదో ఒకటి చేసేద్దాంలే” అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. ఆ ‘ఏదో ఒకటి’లో కాస్త చిన్నచూపు ఉంది. కొన్నది అసలనీ, చేసుకున్నది దానికి బదులనీ అందులోని భావం. ఈ వరస తలకిందులైందని నా వాదన. క్రిస్మస్ అలంకరణల పుట్టుక చూస్తే చేతితో చేసుకున్నదే ముందు, అంగడి సరుకు దాని వెనక. ఆ సంగతి తెలుసుకుంటే ఎక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో కూడా తేలికగా తేలుతుంది.

లూకా సువార్త ప్రకారం సత్రంలో చోటు లేక పసిబిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. చేతికి అందినదానితో సర్దుకున్న ఏర్పాటు అది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ ఆ దృశ్యాన్ని జనం కళ్లకు కట్టాలనుకుని తెప్పించినవి ఒక తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద. మన ఇళ్లలోనూ చర్చిల్లోనూ కట్టే పశువుల పాకకు పెద్ద ఒరవడి అదే. 1605 నాటి ఒక రాతలో స్ట్రాస్‌బర్గ్ ఇళ్లలోని చెట్లకు రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్లు, పలచటి అప్పాలు, మిఠాయిలు కట్టేవారని ఉంది. గాజు బంతుల సంగతి ఇంకా చిత్రం. జర్మనీలోని లౌషాలో ఆపిళ్లు కొనలేని ఒక గాజుపనివాడు వాటికి బదులు గాజుతో పళ్లు ఊదాడని చెప్పుకుంటారు. 19వ శతాబ్ది మధ్యలో అక్కడ ఊపందుకున్న ఆ పని, 1880ల నాటికి అమెరికాలో వూల్‌వర్త్ దుకాణాల సరుకైంది. కథలో కొంత కల్పన ఉంటే ఉండవచ్చు. కానీ ఇవాళ ఖరీదుగా కనిపించే బంతిని ఒకప్పటి లేమి కనిపెట్టిన ఉపాయంగానే ఆ ఊరు గుర్తుపెట్టుకుంది.

నక్షత్రం చరిత్రా ఇలాంటిదే. జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ క్రైస్తవుల బడిలో 1830లలో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి కాగితంతో అనేక కోణాల చుక్కలు చేయించారు. హెర్న్‌హూట్ నక్షత్రమన్న పేరుతో అది ఫ్యాక్టరీ సరుకైంది ఆ తర్వాతే. ఫిలిప్పీన్స్‌లో వెదురు బద్దలకు పలచటి కాగితం అంటించి చేసే ‘పరోల్’ అనే చుక్కదీపం క్రిస్మస్‌కు గుర్తు. మన పల్లెల్లో ఇంటి ముందు కట్టే వెదురు నక్షత్రం దానికి తోబుట్టువులా ఉంటుంది. దాని లెక్క సులువు. ఒకే పొడవున్న 10 సన్నని బద్దలు, 5 పొట్టి పుల్లలు చాలు. ఐదేసి బద్దలు ఒకదానిపై ఒకటి అడ్డంగా వచ్చేలా కట్టి రెండు చుక్కలు చేసి, ఒకదానిపై ఒకటి ఉంచి ఐదు కొనల దగ్గరా దారంతో బిగించాలి. మధ్యలో బద్దలు ఖండించుకునే ఐదు చోట్ల పొట్టి పుల్లలు నిలబెడితే చుక్క కడుపు ఉబ్బుతుంది. బద్ద పొడవు 60 సెంటీమీటర్లైతే ఖండన బిందువులు ప్రతి కొనకూ దాదాపు 23 సెంటీమీటర్ల దూరంలో పడాలి. అక్కడ గుర్తు పెట్టుకుని కడితే నక్షత్రం వంకర పోదు.

ఇంత నక్షత్రానికి పట్టే కాగితం చదరపు మీటరులో మూడోవంతు. కత్తిరింపుల్లో పోయేది కలుపుకున్నా రెండు మూడు తావులు చాలు. ఇక్కడ కాలం మనకు కలిసొస్తుంది. సంక్రాంతి దగ్గర పడుతోంది కాబట్టి గాలిపటాల కాగితం అప్పటికే దుకాణాల్లో ఉంటుంది. పలచగా ఉండటం వల్ల దానిలోంచి వెలుగు చక్కగా పరుచుకుంటుంది. జిగురుకు మైదా ఉడకేస్తే సరిపోతుంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. అది విషం. నెల్లాళ్ల నక్షత్రానికి దాని అవసరమూ లేదు, పిల్లలు చేయిపెట్టే పనిలో అసలే వద్దు. డబ్బు ఆదా చేయకూడని చోటు ఒకటుంది, అది దీపం. లోపల పాతకాలపు వేడి బల్బు పెడితే కాగితం అంటుకునే ప్రమాదం ఉంది, ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి. నిజానికి అదీ పొదుపే. రోజుకు 6 గంటల చొప్పున 30 రాత్రులు వెలిగితే 60 వాట్ల బల్బుకు 10.8 యూనిట్లు, 5 వాట్ల ఎల్‌ఈడీకి 0.9 యూనిట్ ఖర్చవుతుంది. మంచుకు కాగితం మెత్తబడి చిరుగుతుంది కనుక నక్షత్రాన్ని ఆరుబయట కాక చూరు కిందో వసారాలోనో వేలాడదీయాలి.

చెట్టూ పాకా కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. కోస్తాలో సరుగుడు తోటలకు కొదవ లేదు. నరికిన చెట్ల దగ్గర మిగిలిన ఒక కొమ్మ తెచ్చి తడి ఇసుక నింపిన బకెట్‌లో నాటితే నిటారుగా నిలుస్తుంది, త్వరగా వడలదు. సరుగుడు దొరకని చోట ఏ ఎండుకొమ్మకైనా సున్నం పూసి వాడుకోవచ్చు. వేలాడదీయడానికి ప్రతి ఇంట్లోనూ పేరుకుపోయే శుభలేఖలున్నాయి. దేవుళ్ల బొమ్మలున్న భాగాన్ని గౌరవంగా పక్కన పెట్టి, మిగిలిన మందపాటి బంగారు రంగు అట్టను చుక్కలుగా, గంటలుగా కత్తిరించుకోవచ్చు. పాకకు కావలసిన వరిగడ్డి ఖరీఫ్ కోతలయ్యాక పల్లెల్లో ఎటు చూసినా కనిపిస్తుంది. గొల్లవాళ్లను, గొర్రెలను పిల్లలు బంకమట్టితో చేస్తారు. కొండపల్లి బొమ్మల్లో ఆవులు, ఎద్దులు ఇంట్లో ఉంటే వాటికీ ఆ పాకలో చోటుంది. మట్టల ఆదివారానికి ఆకు మడిచే చేతులకు అదే ఆకుతో చిన్న చుక్కలు అల్లడం కొత్త కాదు.

“చేతితో చేస్తే చవకన్నది భ్రమ. మెరుపు పొడి, జిగురు తుపాకి, థర్మోకోల్, ఫోమ్ షీట్లు కొనేసరికి తయారు సరుకు కన్నా ఎక్కువవుతుంది” అన్నది గట్టి అభ్యంతరం. నిజమే, అలా కొంటే అవుతుంది. అప్పుడు మనం చేసింది అలంకరణ కాదు, మరో రకం షాపింగ్. పొదుపు కలగాలంటే వరస మార్చాలి. బొమ్మ చూసి దానికి సామాను వెతకడం మాని, ముందు ఇల్లు, పెరడు, వీధి చూసి, ఉన్నదానితో ఏమవుతుందో ఆలోచించాలి. చివరికి కొనవలసినవి కాగితం, దారం, దీపం. మేదరి దగ్గర బద్దలు చీల్పించుకుంటే ఆ నాలుగు రూపాయలూ ఊళ్లో చేతిపనివాడికే చేరతాయి. అందుకే, నక్షత్రాలు అమ్ముకునే చిన్న వ్యాపారి పొట్ట కొడుతున్నామన్న మాట కూడా సగమే నిజం. డబ్బు మరో చిన్న చేతికి మళ్లుతుంది, అంతే.

ఇంటికొచ్చినవాళ్లకు నాసిగా కనిపిస్తుందేమోనన్న బిడియం రెండోది. చేతిపని నాసిగా కనిపించేది సామాను చౌకదైనందుకు కాదు, అన్ని రంగులూ అన్ని ఆకారాలూ ఒకేచోట కుక్కినందుకు. రెండు రంగులు ఎంచుకుని, ఒకే చుక్కను పాతికసార్లు కత్తిరించి వరసగా కడితే గోడకు నిండుతనం వస్తుంది. మనకు కురవని మంచును దూదితో నటించనూ అక్కర్లేదు. పైగా దూది ఇట్టే అంటుకుంటుంది. ఈ కాలానికి విరగబూసే బంతి, చేమంతి దండ గుమ్మానికి కడితే పండుగ మన ఊరి పండుగలా ఉంటుంది.

ఇంత తీరిక ఎవరికుంది అన్నది మూడో ప్రశ్న. ఉద్యోగాలు చేసే ఇంట్లో ఒక్కరోజులో ఇవన్నీ కావు, కానవసరమూ లేదు. క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలున్నాయి. మొదటి వారం నక్షత్రం, రెండో వారం కాగితపు తోరణాలు, మూడో వారం పాక, నాలుగో వారం చెట్టు పెట్టుకుంటే ఏ వారమూ రెండు గంటలకు మించదు. అదీ కుదరనివాళ్లు నక్షత్రం ఒక్కటీ చేసి మిగతావి కొన్నా తప్పు లేదు. ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉంటే దాన్ని పారేయడం పొదుపూ కాదు, పర్యావరణ భక్తీ కాదు. అది విరిగేదాకా వాడుకుని, దాని మీద వేలాడేవి చేసుకోవచ్చు. ఆ ఖర్చేదో పేదలకు పెట్టవచ్చు కదా అనేవారి మాటకు నా దగ్గర ఎదురు లేదు. తక్కువలో పండుగ చేసుకున్న ఇంట్లోనే అలా పెట్టడానికి ఏదైనా మిగులుతుంది.

ఈ లెక్క పూర్తిగా తేలేది జనవరి 6న, ముగ్గురు జ్ఞానుల పండుగ అయ్యాక, అన్నీ విప్పే రోజున. పాకలోని గడ్డి పశువుల ముందుకు పోతుంది. బంకమట్టి గొర్రెలు నీళ్లలో నాని మళ్లీ మట్టి అవుతాయి. దండల పూలు మొక్కల మొదట్లో పడతాయి. నక్షత్రం మీది కాగితం చింపేస్తే లోపలి వెదురు చట్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని అటక మీద పెట్టుకుంటే, వచ్చే డిసెంబరులో కొనవలసింది రెండు తావుల కాగితమే.