పసిబిడ్డ పేగులలో తొలి కాపురాలు

తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు కావలసిన ఆహారం బొడ్డుతాడు ద్వారా అందుతుంది. నోటితో తిని, పేగులతో జీర్ణించుకొనవలసిన పని భూమి మీద పడిన తరువాతనే ఆరంభమవుతుంది. ఆ పనికి బిడ్డ పేగులు ఒంటరిగా పూనుకోవు. తల్లి శరీరం నుండి, పురుడు పోసినవారి చేతుల నుండి, పక్కగుడ్డల నుండి కోట్లాది సూక్ష్మజీవులు వచ్చి అక్కడ కాపురం పెడతవి. వాటిలో మేలు చేసేవి ఉన్నవి, ఊరకే తిని కూర్చునేవి ఉన్నవి, కీడు చేసేవీ ఉన్నవి. ముందుగా వచ్చి చోటు ఆక్రమించినవి ఏవి అనేదానిపై బిడ్డ ఆరోగ్యం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతిని శ్రద్ధగా పరిశీలించిన తొలివారిలో థియొడోర్ ఎషెరిష్ అనే జర్మన్ పిల్లల వైద్యుడు ముఖ్యుడు. 1885 ప్రాంతంలో ఆయన మ్యూనిక్ నగరంలో పసిబిడ్డల మలాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. ఇది చూడ ముచ్చటైన పని కాదు. కాని పేగుల లోపలి వ్యవహారం తెలుసుకొనడానికి అంతకంటె సులభమైన దారి లేదు. పుట్టగానే బిడ్డ వేసే నల్లని జిగురు మలంలో ఆయనకు బాక్టీరియా కనిపించలేదు. కొన్ని గంటలు గడిచేసరికి కనిపించినవి. బిడ్డ పాలు తాగడం మొదలుపెట్టిన పిమ్మట వాటి రకాలే మారిపోయినవి. అప్పుడు ఆయన వేరుచేసిన కడ్డీ ఆకారపు బాక్టీరియాకు తరువాతివారు ఆయన పేరు కలిపి ఎషెరిషియా కోలై అన్నారు. నేడు తాగేనీటిలో మలం కలిసినదా లేదా అని తేల్చడానికి ప్రయోగశాలలలో వెదికేది దీనినే.

మరి పదునాలుగేండ్లకు, 1899లో, పారిస్‌లోని పాస్టర్ సంస్థలో హెన్రీ టిసియే అనే వైద్యుడు తల్లిపాలు తాగే బిడ్డల మలంలో వేరొక బాక్టీరియాను చూశాడు. దాని కొన పంగలకర్రవలె రెండుగా చీలి ఉన్నది. అందువల్ల దానికి బైఫిడస్ అని పేరు వచ్చినది. దీనికి ప్రాణవాయువు గిట్టదు. అప్పుడే పుట్టిన బిడ్డ పేగులలో కొద్దిపాటి ప్రాణవాయువు ఉంటుంది. కోలై వంటివి ముందుగా వచ్చి దానిని వాడివేస్తవి. ఒకడు ముళ్లపొదలు నరికి పోయిన నేలలో మరొకడు వచ్చి విత్తనం వేసినట్లు, ఆ తరువాత బైఫిడస్ జాతులు వచ్చి స్థిరపడతవి.

ఆ పంటకు ఎరువు తల్లిపాలలోనే ఉన్నది. పాలలో లాక్టోజు అనే చక్కెర, కొవ్వు, మాంసకృత్తులు ఉంటవని విద్యార్థులకు తెలుసును. ఇవిగాక లీటరుకు 5 నుండి 15 గ్రాముల వరకు ఆలిగోసాకరైడులనే మరికొన్ని చక్కెరలు ఉంటవి. వీటిని బిడ్డ జీర్ణించుకోలేదు. ఆవుపాలలో ఇవి బహు స్వల్పం. బిడ్డకు అక్కరకు రాని పదార్థాన్ని తల్లి శరీరం శ్రమపడి తయారుచేయడం ఎందుకు? 1950 తరువాతి సంవత్సరాలలో పాల్ గ్యోర్గీ, రిచర్డ్ కూన్, వారి సహచరులు జరిపిన పరిశోధనలవల్ల జవాబు దొరికినది. ఆ చక్కెరలు బిడ్డకోసం కాదు, బిడ్డ పేగులలోని బైఫిడస్ కోసం! వాటిని తిని బైఫిడస్ ఎసెటిక్, లాక్టిక్ ఆమ్లాలను విడుదల చేస్తుంది. మొదటిది వినిగరులో ఉండేది, రెండవది పెరుగుకు పులుపు నిచ్చేది. పేగులు ఇట్లా పులిసి ఉన్నప్పుడు రోగం తెచ్చే బాక్టీరియా అనేకం అక్కడ నిలదొక్కుకోలేవు. ఊరగాయ చెడకుండా ఉండడంలో పులుపు చేసే పనివంటిదే ఇదీను.

మంచి బాక్టీరియాను కావాలని ఇచ్చినా మేలు జరుగుతుందా? ఒడిశా పల్లెలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడినవి. పినాకీ పాణిగ్రాహి, సహచరులు కొందరు బిడ్డలకు పుట్టిన తొలి దినాలలో ఏడు రోజులపాటు లాక్టోబాసిలస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను, దానికి మేతగా ఒక చక్కెరను కలిపి ఇచ్చారు. మిగిలినవారికి ఏ గుణమూ లేని పొడి ఇచ్చారు. ఈ రెండవ గుంపులో నూటికి 9 మందికి రక్తం విషమించే జబ్బు గాని మరణం గాని సంభవించగా, మొదటి గుంపులో 5.4 మందికే సంభవించినది. పల్లెటూరి శిశువుల విషయంలో ఇది చిన్న తేడా కాదు. అయితే ఆ బిడ్డలందరూ తల్లిపాలు తాగుతున్నవారే అన్న సంగతిని మరువరాదు.

ఇక కీడు చేసేవాటిలో బాక్టీరియాకంటె పెద్దవైన పరాన్నజీవుల సంగతి. వీటిలో అందరూ ఎరిగినది ఏలికపాము. ఆడది 20 నుండి 35 సెంటీమీటర్ల పొడవు పెరిగి దినానికి రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. కాని మలంతో వెలుపలికి వచ్చిన గుడ్డు వెంటనే ఎవరికీ హాని చేయలేదు. తడి, నీడ ఉన్న మట్టిలో రెండు మూడు వారాలైనా ఉండి, లోపల పిల్ల తయారైన తరువాతనే అది అంటుకొంటుంది. అందుచేత ఒడిలో పాలు తాగే బిడ్డకు ఏలికపాము అరుదు. బిడ్డ పాకడం నేర్చి, మట్టి చేతిని నోట పెట్టుకొనడంతో దానికి దారి దొరుకుతుంది.

మింగిన గుడ్డు నుండి వచ్చిన పిల్ల నేరుగా పేగులోనే పెరగదు. పేగు గోడను తొలుచుకొని, నెత్తురులో కాలేయానికి, అక్కడినుండి ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి పాకి, మరల మింగబడి పేగు చేరుతుంది. ఈ వింత ప్రయాణాన్ని 1922లో షిమెసు కొయినో అనే జపాను పిల్లల వైద్యుడు తన శరీరం మీదనే రుజువు చేశాడు. ఆయన ఏలికపాము గుడ్లు రెండు వేలు మింగినాడు. కొద్ది రోజులకు జ్వరం, దగ్గు వచ్చి, కఫంలో పురుగు పిల్లలు పడినవి. పసివారికి ఇట్టి దగ్గు వస్తే జలుబు అనుకొని ఊరుకొనడం సహజమే.

ఏలికపాము వలె జాగు చేయనివి ఏకకణ జీవులు. జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనేవి గట్టి పెంకు చుట్టుకొని మలంతో వెలువడతవి. వెలువడిన వెంటనే నీటిలో కలిసి మరొకరి నోటిలో పడినా చాలు. జియార్డియాను 1681లో లీవెన్‌హాక్ తన మలంలోనే చూశాడు. క్రిప్టోస్పోరిడియం మనుష్యులకు సోకుతుందని తెలిసినది 1976లోనే. కాని ఆలస్యంగా తెలిసిన ఈ జీవి అల్పమైనది కాదు. కలకత్తాతో సహా ఆసియా, ఆఫ్రికాలలోని ఏడు చోట్ల పిల్లల విరేచనాలను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, తీవ్రమైన విరేచనాలకు ముఖ్య కారణాలైన నాలుగింటిలో ఇది ఒకటిగా తేలినది. నీటిలో కలిపే క్లోరిన్‌కు ఇది లొంగదు, మరగకాచితే చస్తుంది.

బిడ్డకు పంచదార నీళ్లు, తేనె పట్టే అలవాటులోని ప్రమాదం ఇప్పుడు తెలుస్తుంది. ముర్రుపాలు పిండి పారబోసి, చెంచాడు నీళ్లు పోసినవారు తెలియకనే కావలివానిని పంపివేసి తలుపు తెరిచినవారవుతున్నారు. 1983లో ఫ్రాన్సిస్ గిల్లిన్, సహచరులు గాజు గొట్టంలో తల్లిపాలను జియార్డియాపై పోసి చూడగా అది చచ్చిపోయినది. పాలలోని ప్రతిరక్షక పదార్థాలను తీసివేసినా చచ్చినది. పాలలోని ఒక ఎంజైము కొవ్వును విడగొట్టగా వచ్చిన ఆమ్లాలే దానిని చంపుతున్నవి. గొట్టంలో జరిగినదంతా పేగులో జరగాలని లేదు గాని, ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప మరేమీ, నీళ్లైనా ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇటువంటి ఆధారాలు అనేకం ఉన్నవి.

ఇంతమాత్రాన బాక్టీరియా ఎల్లప్పుడూ బిడ్డ పక్షమేననుకొంటే పొరపాటు. కొరడాపురుగు గుడ్డుకు రెండు కొనలా మూతలు ఉంటవి. ఎలుకలకు సోకే కొరడాపురుగు గుడ్లు పొదగడానికి పేగు బాక్టీరియా సాయం కావాలని 2010లో మాంచెస్టర్ పరిశోధకులు చూపారు. ఎషెరిష్ చూసిన ఆ కోలైయే గుడ్డు కొనలకు అంటుకొని మూత తెరిపిస్తుంది! మందులిచ్చి ఎలుకల పేగులలోని బాక్టీరియాను తగ్గిస్తే పురుగులూ తగ్గినవి. కాపురానికి వచ్చినవాడు ఇంటివానికి మేలు చేస్తూనే దొంగకు తలుపు తీసినట్లున్నది ఈ వ్యవహారం.

2015లో ఆరంభమైన జాతీయ నులిపురుగుల నివారణ దినాన బడులలో, అంగన్‌వాడీలలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర 1 నుండి 19 ఏండ్లవారికి. రెండేండ్లలోపు పిల్లలకు సగం మాత్ర, ఏడాది నిండనివారికి ఇవ్వరు. ఏలికపాముకు ఒక్క మాత్ర బాగా పనిచేస్తుంది, కొరడాపురుగుకు అంతగా చాలదు, క్రిప్టోస్పోరిడియంకు అసలే పనిచేయదు. మాత్ర చంపేది పేగులోని పురుగునే. పెరటి మట్టిలో పడిన గుడ్డు ఏండ్ల తరబడి బ్రతికి ఉండగలదు. అందువల్లనే ఈ మాత్రను ఏటేటా మరల ఇవ్వవలసి వస్తున్నది.