సొంత వంటిల్లు లేని ఊరు

కొత్త ఇంట్లోకి మారాలంటే ఆడవాళ్ళం ముందుగా తొంగి చూసేది వంటింట్లోకే. గట్టు ఎంత ఎత్తుంది, సింకు ఏ వైపుంది, పొగ బయటికి పోతుందా, పోపుడబ్బాలు పెట్టుకోవడానికి అరలున్నాయా... ఇవన్నీ చూసుకున్నాకే మిగతా గదులు. మరి ఏ ఇంట్లోనూ వంటిల్లన్నదే లేని ఊరు ఒకటుండేదంటే నమ్ముతారా? ఒకటి కాదు, ఏడు ఊళ్ళు! అదీ అమెరికాలో.

అమెరికా నడిమధ్యన మొక్కజొన్న చేలకు పేరుపడ్డ రాష్ట్రం అయోవా. అక్కడ సీడర్ రాపిడ్స్ పట్నానికి దగ్గర్లో ఉన్నాయి ఈ అమానా ఊళ్ళు. ఇప్పుడు మనం చెప్పుకోబోయేది ముఖ్యంగా మిడిల్ అమానా సంగతి. చాలా చిన్న ఊరు. 2010 జనాభా లెక్కల్లో ఆరువందల మంది కూడా లేరు.

ఎవరీ జనం?

గుర్రపుబళ్ళలో తిరిగే ఆమిష్ వాళ్ళని చాలామంది పొరబడతారు. కాదు. వీళ్ళ పూర్వీకులు జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు. 1714లో అక్కడ మొదలైన ఒక క్రైస్తవ భక్తసమాజం వీళ్ళది. సొంత దేశంలో వేధింపులు, ఇబ్బందులు భరించలేక 1840లలో న్యూయార్క్ రాష్ట్రానికి వచ్చారు. అక్కడ చోటు చాలక 1855 నుంచి అయోవాకు తరలారు. దాదాపు 26 వేల ఎకరాల భూమి, ఏడు ఊళ్ళు. పొలం, మిల్లు, ఇల్లు, పశువు... అన్నీ అందరివీ. ఎవరికీ జీతం లేదు. తిండి, ఇల్లు, వైద్యం, పిల్లల చదువు సమాజమే చూసుకునేది. ఊరి దుకాణంలో బట్టలూ అవీ తెచ్చుకోవడానికి ఏడాదికి ఇంతని ఒక్కొక్కరి పేరా ఖాతా ఉండేది.

నలభై మందికి ఒక పొయ్యి

ఏడు ఊళ్ళలో కలిపి యాభైకి పైగా ఉమ్మడి వంటశాలలు ఉండేవి. ఒక్కొక్క దానిలో ముప్ఫై, నలభై మందికి వంట. ఇటుకలతో కట్టిన పొడవాటి కట్టెల పొయ్యి, పెద్ద పెద్ద గుండిగలు. రోజుకు మూడు పూటలా భోజనం, మధ్యలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫలహారం. మన పెళ్ళివారింట వంట గుర్తుకొస్తోంది కదూ? అయితే పెళ్ళి సందడి నాలుగు రోజులే. వీళ్ళకు ఏడాది పొడుగునా ఇదే!

ప్రతి వంటశాలకూ ఒక పెద్ద ఉండేది. ఆవిడ ఇంటిపేరుతోనే ఆ వంటశాలను పిలిచేవారు. ఆవిడ కింద కొందరు ఆడవాళ్ళు వంతులవారీగా పనిచేసేవారు. ఒకరు వంట చేస్తే ఒకరు కూరగాయలు తరిగేవారు, మరొకరు వడ్డన చూసేవారు. పక్కనే పెద్ద కూరగాయల తోట. దానికి వేరే పెద్ద. విత్తనాలు కూడా ఏ ఏటికాయేడు వాళ్ళే దాచుకునేవారు. మనం జాడీల్లో ఆవకాయ పెట్టుకున్నట్టు, వాళ్ళు క్యాబేజీని సన్నగా తరిగి ఉప్పు వేసి పీపాల్లో ఊరబెట్టేవారు. రొట్టె ఊరి బేకరీ నుంచి వచ్చేది.

భోజనాల గదిలో మగవాళ్ళకు ఒక బల్ల, ఆడవాళ్ళకు ఒక బల్ల. ముందు ప్రార్థన, తర్వాత మాటామంతీ లేకుండా భోజనం. పావుగంటలో అయిపోయేది!

సుఖమా, కష్టమా?

ఇది చదువుతుంటే కొందరికి 'అబ్బ, ఎంత హాయి!' అనిపించవచ్చు. రేపు కూర ఏం చేయాలన్న బెంగ లేదు. ఒంట్లో బాగాలేకపోతే పస్తులుండే పని లేదు. బిడ్డ పుడితే, రెండేళ్ళు దాటేవరకు తల్లికి వంటశాల పని నుంచి సెలవు. ఆ తర్వాత బిడ్డను చూసుకోవడానికి చంటిపిల్లల బడి ఉండేది. వయసు మళ్ళినవాళ్ళకూ లోటు లేదు.

కానీ రెండో వైపు కూడా చూడాలి కదా. బడి చదువు అయిపోయిన ఆడపిల్ల పద్నాలుగో ఏట వంటశాలలో అడుగు పెట్టాల్సిందే. ఎవరు ఏ పని చేయాలో నిర్ణయించేది ఊరి పెద్దలు. ఆ పెద్దలందరూ మగవాళ్ళే. విచిత్రం ఏమిటంటే, 1867 నుంచి 1883 దాకా ఈ సమాజానికి ఆధ్యాత్మికంగా దారి చూపింది ఒక స్త్రీ. ఆమె పేరు బార్బరా హైనమన్ లాండ్‌మన్. చిన్నతనంలో బడి మొహం చూడని పేదింటి పిల్ల. అంతటి గౌరవం ఇచ్చిన ఊరు కూడా పాలన విషయానికి వచ్చేసరికి ఆడవాళ్ళకు చోటివ్వలేదు!

అంతా మారిన రోజు

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కుటుంబాలు వంటశాల నుంచి బుట్టల్లో భోజనం ఇంటికి తెచ్చుకుని తినడం మొదలుపెట్టాయి. నా మొగుడు, నా పిల్లలతో కూర్చుని తినాలన్న కోరిక ఏ ఇల్లాలికి ఉండదు చెప్పండి? 1923లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి మిల్లులు కాలిపోయాయి. ఆ వెనకే ఆర్థికమాంద్యం. చివరికి జనమే ఓటు వేసి 1932లో ఉమ్మడి పద్ధతికి స్వస్తి చెప్పారు. ఆస్తులను కంపెనీగా మార్చి వాటాలు పంచుకున్నారు. వంటశాలలు మూతపడ్డాయి.

అప్పటిదాకా నలభై మందికి ఉప్పు, పులుపు సరిచూసిన చేతులు ఇక నలుగురికి వండాలి! గిన్నెలు కొనుక్కోవాలి, పొయ్యి పెట్టుకోవాలి, ఖర్చు లెక్క చూసుకోవాలి. స్వేచ్ఛ వచ్చింది, దానితో పాటు పనంతా ఒక్కదాని మీదే పడింది.

ఇప్పుడు అసలు విశేషం వినండి. ఆ తర్వాత రెండేళ్ళకే, 1934లో, జార్జ్ ఫర్‌స్ట్‌నర్ అనే అమానా యువకుడు శీతలపెట్టెల తయారీ ప్రారంభించాడు. అదే మిడిల్ అమానాలో అమానా రిఫ్రిజరేషన్ అనే పెద్ద సంస్థ అయింది. 1965లో దాన్ని రేథియాన్ కంపెనీ కొన్నది. 1967లో ఇళ్ళలో గట్టు మీద పెట్టుకునే మైక్రోవేవ్ ఓవెన్ 'రాడారేంజ్' అమానా పేరుతో బజారుకు వచ్చింది. ధర 495 డాలర్లు. ఏ ఊళ్ళోనైతే ఇంట్లో పొయ్యి ఉండేది కాదో, ఆ ఊరి పేరే ఓవెన్ మీద ఎక్కి ఇంటింటికీ చేరింది! ఆ బ్రాండు 2006 నుంచి వర్ల్‌పూల్ వాళ్ళది.

చూడాలనుకుంటే

సీడర్ రాపిడ్స్‌లోనో, అయోవా సిటీలోనో మీ అమ్మాయో అబ్బాయో ఉంటే, వెళ్ళినప్పుడు ఒకపూట అటు తీసుకెళ్ళమనండి. మిడిల్ అమానాలో ఒక పాత వంటశాలను 1932లో ఎలా ఉందో అలాగే కాపాడి ప్రదర్శనశాలగా ఉంచారు. అమానా ఊళ్ళలోని పాత హోటళ్ళలో కూరలు పెద్ద గిన్నెల్లో తెచ్చి బల్ల మీద పెడతారు. అందరూ చేతులు మార్చుకుంటూ వడ్డించుకోవాలి. ఉమ్మడి భోజనం ముచ్చట అలా మిగిలిందన్నమాట.

ఓవెన్ పని గంట తగ్గిస్తుందేమో గానీ, పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ కూర తరిగి ఇవ్వదు కదా! సొంత వంటిల్లు వదులుకోమని ఎవరూ అనరు. కానీ ఆవకాయ రోజునో, వడియాలు పెట్టే రోజునో ఇరుగుపొరుగు నలుగురూ ఒకచోట చేరితే పని తేలికవుతుంది, మనసూ తేలికవుతుంది. ఆ నలుగురిలో ఇంట్లోని మగవాళ్ళు కూడా ఉంటే మరీ మంచిది. అమానా ఆడవాళ్ళకు దొరకనిది అదే మరి!