పేగు హార్మోన్‌.. మందుగా మారిన వేళ

గ్లూకోజును నోటితో తాగినా, రక్తనాళంలోకి ఎక్కించినా ఒకటే అనుకుంటాం. కానీ తాగినప్పుడే ఇన్సులిన్‌ ఎక్కువగా విడుదలవుతుంది! కిటుకంతా పేగుల్లోనే ఉంది. ఆహారం చేరగానే అక్కడి కణాలు జీఎల్‌పీ-1, జీఐపీ హార్మోన్లను వదులుతాయి. ఇవి ఇన్సులిన్‌ను విడుదల చేయమని క్లోమానికి కబురు పంపుతాయి. జీఎల్‌పీ-1 అయితే జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. ‘ఇక చాలు’ అని మెదడుకూ చెబుతుంది.

బల్లి చూపిన దారి

మరి దీన్నే మందుగా ఇవ్వొచ్చు కదా? అక్కడే చిక్కొచ్చింది. డీపీపీ-4 అనే ఎంజైమ్‌ దీన్ని నిమిషాల్లోనే విడగొట్టేస్తుంది. ఈ ఎంజైమ్‌ను అడ్డుకునేవే ఇప్పుడు చాలామంది వేసుకుంటున్న గ్లిప్టిన్‌ మాత్రలు. మరో దారి గిలా మాన్‌స్టర్‌ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో దొరికింది. జీఎల్‌పీ-1లా పనిచేస్తూ, త్వరగా విడిపోని పదార్థాన్ని డాక్టర్‌ జాన్‌ ఎంగ్‌ అందులో గుర్తించారు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి లభించింది. దీన్ని రోజుకు రెండుసార్లు తీసుకోవాలి. తర్వాత రోజుకోసారి తీసుకునే లిరాగ్లుటైడ్‌, వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్‌ ఇంజెక్షన్లు వచ్చాయి. టిర్జెపటైడ్‌ రెండు హార్మోన్ల పనీ చేస్తుంది.

ఆపేస్తే?

మధుమేహం లేని ఊబకాయులపై జరిపిన ఓ పెద్ద అధ్యయనంలో, 68 వారాల సెమాగ్లుటైడ్‌ చికిత్సతో సగటున 15% బరువు తగ్గింది. వీరూ ఆహార నియమాలు, వ్యాయామం పాటించినవారే. అయితే మందు మానేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. కాబట్టి పెళ్లికి రెండు నెలల ముందు మొదలుపెట్టి, తర్వాత ఆపేసే మందులు కావివి. ఖర్చు, కాలం రెండూ ముందే ఆలోచించుకోవాలి.

జాగ్రత్త తప్పదు

* వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మామూలే. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచుతారు.
* కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగా క్లోమం వాచే ప్రమాదముంది.
* గర్భిణులు వాడకూడదు. కుటుంబంలో మెడల్లరీ థైరాయిడ్‌ క్యాన్సర్‌ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.
* ఇన్సులిన్‌, గ్లిమిపిరైడ్‌ వంటివి వాడేవారిలో గ్లూకోజు మరీ పడిపోవచ్చు. వాటి మోతాదు సరిచూసుకోవాలి.
* శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టర్‌కు ఈ మందు సంగతి చెప్పాలి.

బరువుతో పాటు కండరాలూ తగ్గుతాయి. పప్పులు, గుడ్లు, పెరుగు తగినంత తీసుకుంటూ కండరాలకు పనిచెప్పే వ్యాయామాలు చేయాలి. ఆకలిని మందు తగ్గిస్తుంది. తినే కొద్దిలోనే పోషకాలు ఉండేలా చూసుకోవటం మాత్రం మన చేతిలోనే ఉంది.