ఊపిరి నిలిపే మందు, ఎముకను గుల్లచేసే మందు

మా మేనమామగారు ఒకనాటి ఉదయం నీళ్ళ బకెట్టు ఎత్తబోయి నడుము పట్టుకొని అక్కడే కూలబడ్డారు. కాలు జారలేదు, దెబ్బ తగలలేదు. ఎక్స్‌రే తీయించి చూస్తే వెన్నుపూస ఒకటి పై బరువుకు అణగిపోయి ఉన్నది.

“ఉబ్బసానికి ఏమి వాడుతున్నారు?” అన్నది డాక్టరుగారి మొదటి ప్రశ్న. జవాబు మామయ్యగారి జేబులోనే ఉన్నది. ఆయాసం వచ్చినప్పుడల్లా పాత చీటీ చూపి మందుల దుకాణంలో కొనుక్కొనే చిన్న తెల్ల బిళ్ళలు! ఆ విధంగా పదకొండేళ్ళు గడిచాయి.

ఆ బిళ్ళ ప్రెడ్నిసొలోన్. కార్టికోస్టెరాయిడ్లు అనే ఔషధ కుటుంబానికి చెందినది. ఆ ఎముకల జబ్బు ఆస్టియోపొరోసిస్. ఈ మాటను తెనిగించవలసి వచ్చినప్పుడు నేను నిఘంటువు వెదకలేదు. చెదపట్టిన దూలాన్ని మన పెద్దలు “గుల్లబారింది” అంటారు. పైకి నిబ్బరంగానే కనిపిస్తుంది. బరువు పడిన రోజున గాని సంగతి తెలియదు. ఎముక గుల్లబారడమూ అంతే.

అద్భుతం వెనుక హెచ్చరిక

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, కీళ్ళవాతంతో కదలలేని ఒక యువతికి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైక్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. త్వరలోనే ఆ కుటుంబపు మందులు ఉబ్బస రోగులకూ ప్రాణదాతలయ్యాయి.

కాని హెచ్చరిక అంతకు ముందే ఉన్నది. శరీరం ఇటువంటి హార్మోనును తానే అతిగా తయారుచేసుకొనే వ్యాధిని హార్వే కుషింగ్ 1932లో వర్ణించాడు. ఆ రోగుల ఎముకలు పెళుసుబారడాన్ని కూడా ఆయన గమనించాడు.

కూల్చేవారే గాని కట్టేవారు లేరు

ఎముక రాయి కాదు. నిత్యం మరమ్మతు జరిగే ఇల్లు. కొన్ని కణాలు పాత భాగాన్ని కూలుస్తుంటే, మరికొన్ని కొత్తది కడుతుంటాయి. స్టెరాయిడ్ ఈ కట్టేవారి సంఖ్యను తగ్గిస్తుంది. పైగా పేగులు ఆహారంలోని కాల్షియంను తక్కువగా గ్రహిస్తాయి. మూత్రంలో అది ఎక్కువగా పోతుంది. నష్టం మొదటి మూడు నుంచి ఆరు నెలలలోనే వేగంగా జరుగుతుంది. వెన్నుపూసలు, పక్కటెముకలు ముందుగా దెబ్బతింటాయి. చాలమందికి నొప్పి కూడా తెలియదు. మనిషి పొట్టి అవుతాడు, వీపు వంగుతుంది.

ఉబ్బస రోగి జీవితం దీనికి తోడవుతుంది. ఆయాసానికి భయపడి నడవడు, ఎండలోకి రాడు. పాలూ పెరుగూ నెమ్ము చేస్తాయని మన ఇళ్ళలో మాన్పిస్తారు. ఎముకకు కావలసిన కాల్షియం అక్కడా ఆగిపోతుంది.

మానడం మందు కాదు

ఇది చదివి బిళ్ళలను పారవేయకండి! నెలల తరబడి వాడిన మందును హఠాత్తుగా ఆపితే, సహజ హార్మోను తయారీని మరచిన శరీరం కుప్పకూలవచ్చు. అదుపు తప్పిన ఉబ్బసం ప్రాణమే తీయవచ్చు. మోతాదు తగ్గించవలసినది వైద్యుడు, అదీ క్రమంగా.

మరి ఉపాయమేమిటి? మందును ఊపిరితిత్తులకే నేరుగా పంపడం. పీల్చే స్టెరాయిడ్ బెక్లోమెథసోన్ 1972లో వాడుకలోకి వచ్చింది. ఉబ్బసం తీవ్రమైనప్పుడు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇవ్వడం కద్దు. ఇన్‌హేలర్‌లో మామూలుగా రోజుకు చేరేది 200 నుంచి 400 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. రెండూ వేర్వేరు మందులే అయినా, తేడా ఎంతటిదో పాఠకులే ఊహించవచ్చు. తక్కువ మోతాదులో పీల్చే మందు వల్ల ఎముకకు ప్రమాదం స్వల్పం. ఎక్కువ మోతాదు ఏళ్ళ తరబడి వాడేవారు మాత్రం జాగ్రత్తపడాలి. పీల్చిన తరువాత నోరు పుక్కిలించాలి.

విచిత్రమేమంటే, ఇన్‌హేలర్ “అలవాటైపోతుంద”ని భయపడేవారే బిళ్ళను నిర్భయంగా మింగుతారు! మా మామయ్యగారు చేసినదీ అదే. ఏటా పలుమార్లు వాడే చిన్న విడతలు కూడా కూడుకొని పెద్ద మొత్తమవుతాయి. పేరు చెప్పని “ఆయుర్వేదం” పొడులలో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలూ పరీక్షలలో బయటపడ్డాయి.

రోజుకు 2.5 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా మూడు నెలలు, ఆ పైన ప్రెడ్నిసొలోన్ వాడేవారు ఎముకల పరిస్థితి గురించి వైద్యుణ్ణి అడగాలి. డెక్సా అనే పరీక్ష ఎముకల సాంద్రతను చెబుతుంది. రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 600 నుంచి 800 యూనిట్ల విటమిన్ డి అందాలి. నడక కావాలి, పొగ మానాలి. ప్రమాదం హెచ్చుగా ఉన్నవారికి వారానికొకసారి వేసుకొనే అలెండ్రొనేట్ వంటి మందులు ఉన్నాయి.

మామయ్యగారు నేడు ఉదయం, సాయంత్రం ఇన్‌హేలర్ పీలుస్తున్నారు. బిళ్ళ అవసరం అరుదు. వంగిన వీపు మాత్రం తిరిగి నిటారు కాలేదు.

మీ ఇంట్లోనూ ఒక పాత మందుల చీటీ ఉండవచ్చు. ఒక్కసారి దాని మీది తేదీ చూడండి.