సముద్రపు చెత్తకు ఏటి గట్టునే అడ్డుకట్ట

ఖమ్మం సీమకు సముద్రతీరం లేదు. అయినను అక్కడ కురిసిన వాననీరు చివరకు సముద్రానికే చేరుతున్నది. పాలేరు, వైరా, మున్నేరు నీళ్లు కృష్ణకు పోతవి. కిన్నెరసాని, తాలిపేరు భద్రాచల ప్రాంతపు అడవులగుండా ప్రవహించి గోదావరిలో కలుస్తవి. ఈ ఏళ్ల మీది జలాశయాలలోను, ఊరి చెరువులలోను చేపల పెంపకం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. కనుక సముద్రాన్ని మలినపరచే చెత్తను గూర్చి చెప్పదలచిన మేము అడవి అంచున మొదలుపెట్టడం అసందర్భం కాదు.

పూర్వం వలలను నూలుతోను, జనపనారతోను అల్లేవారు. అవి చిరిగి నీట పడితే కుళ్లి మట్టిలో కలిసిపోయేవి. నేటి వల నైలానుది, బెండు థర్మోకోలుది, మేత సంచి ప్లాస్టిక్కుది. తెగిపోయిన నైలాను వల యజమాని లేకుండానే చేపలను పట్టి చంపుతూ ఉంటుంది. థర్మోకోలు పూసలుపూసలుగా రాలిపోతే ఏరి తీయడం ఎవరి తరమూ కాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం పట్టణంలోకి వచ్చినది. అట్టి వరదలో గట్టున పడవేసినది గట్టున నిలుస్తుందా?

ఓడలనుంచి వలలతో సహా ప్లాస్టిక్కును సముద్రంలో పారవేయరాదన్న అంతర్జాతీయ నిబంధన 1988 చివరినుంచి అమలులో ఉన్నది. కాని అది ఓడలకే వర్తిస్తుంది. చేపల వేటకు, పెంపకానికి వాడే ప్లాస్టిక్ సామగ్రిని తిరిగి సేకరించే వ్యయం తయారీదారులే భరించవలెనని ఐరోపా సమాఖ్య 2019లో శాసించినది. పెంపకపు క్షేత్రాలలో కొత్తగా థర్మోకోలు బెండ్లు అమర్చడాన్ని దక్షిణ కొరియా 2023లో పూర్తిగా నిషేధించినది. వలపై యజమాని గుర్తు ఉండవలెనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2018లో సూచించినది.

మన దేశంలో 2016నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు ఉన్నవి. వాటి ప్రకారం ఉత్పత్తిదారుల బాధ్యత ముఖ్యంగా సరుకు నింపే సంచులకు, పొట్లాలకు సంబంధించినది. మేత సంచి ఆ లెక్కలోకి వస్తుంది, వల రాదు. ఈ లోటు తీరవలె.

అయితే జరిమానాలతో ఇది తీరదు. అప్పు చేసి వల కొన్న బెస్తవాడు జరిమానాకు భయపడితే చిరిగిన వలను రహస్యంగా నీటిలోనే వదలుతాడు. పాత వల అప్పగించినవారికి కొత్త వల వెలలో కొంత తగ్గిస్తే, దానిని తానే మోసుకొని వస్తాడు. ఆ తగ్గింపు భారం తయారీదారులది కావలె. మత్స్య సహకార సంఘాలు వలలకు సంఖ్య వేసి, ఇచ్చినదీ వచ్చినదీ పుస్తకంలో వ్రాసుకొనవచ్చును. మేత సంచులనూ అట్లే లెక్కించవచ్చును. తొలకరికి ముందే గట్లన్నీ శుభ్రపరచవచ్చును.

సముద్రంలో చెదరిన చెత్తను వెదకి తీయడం దుస్సాధ్యం. చెరువు గట్టున కుప్పగా ఉన్నప్పుడు అది ఒక బండెడు బరువు మాత్రమే.