పాటలో మాట

ఇటీవల ఖానాపురం హవేలిలో ‘త్యాగయ్య’ (1946), ‘రామదాసు’ (1964) చిత్రములను వరుసగా చూచితిని. రెంటికిని దర్శకుడు, కథానాయకుడు చిత్తూరు నాగయ్యగారే. ‘త్యాగయ్య’లో వారు తమ పాటలను తామే పాడిరి. రాగ మెంత సాగినను అందు మాట నలుగదు.

ఈ గుణమే రామదాసు కీర్తనలకును ప్రాణము. మన నేలకొండపల్లిలో పుట్టిన గోపన్న, గోలకొండ చెరలో, సీతారాములకు తాను చేయించిన నగల లెక్క చెప్పి రాముని నిలదీసెను. ఆ కీర్తనలోనే తన నిష్ఠురమునకు మన్నింపు వేడెను. మాట వినబడనిచో ఆ కలహమును, ఆ కన్నీరును రెండును పోవును. మిగులునది తాళము మాత్రమే.

ఉపాధ్యాయులు ఆ కీర్తనను తరగతిలో మొదట చదివించి, అర్థము చెప్పించి, పిమ్మట పాడింపవలెను. అప్పుడు మన పిల్లలతో గోపన్న పొరుగింటి మనిషివలె పలుకును.