ఎముక ఎండు కర్ర కాదు

సెలవుల్లో మా తమ్ముడు చింతచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. "ఇరిగిన కర్ర అతుక్కుంటదా?" అని మా అమ్మ ఏడ్చింది. కానీ ఎముక ఎండు కర్ర కాదు. దానికి ప్రాణం ఉంది.

ఎముకను చాలా పలుచగా తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నరికిన చెట్టు మొద్దులో లాగా గుండ్రని వలయాలు కనబడతాయి. నడుమ సన్నని గొట్టం ఉంటుంది. అదే హావర్షియన్ కుల్య. అందులో రక్తనాళాలు ఉంటాయి. వలయాల మధ్య చిన్న చిన్న గుంటల్లో ఎముక కణాలు బతుకుతాయి. కాల్షియం, ఫాస్ఫరస్ లవణాల వల్ల ఎముక గట్టిగా ఉంటుంది.

మన చెవిలో, ముక్కు కొనలో ఉండేది మృదులాస్థి. దాని కణాలు కూడా గుంటల్లోనే ఉంటాయి. కానీ లోపల రక్తనాళాలు లేవు. అందుకే దెబ్బ తగిలితే త్వరగా మానదు. కాబట్టి ఎవరి చెవీ మెలిపెట్టకండి!

ఆసుపత్రిలో కట్టు కట్టాక తమ్ముడి ఎముక అతుక్కుంది. ఇప్పుడు మా అమ్మ నవ్వుతుంది.

- 9వ తరగతి విద్యార్థిని